స్టేషనుకు వెళ్ళని ఫిర్యాదు

సారా వ్యతిరేక ఉద్యమాన్ని మనం దాదాపు ఒకే వరసలో చెప్పుకుంటూ వచ్చాం. నెల్లూరు జిల్లాలో 1991లో మొదలైన అక్షరాస్యతా కార్యక్రమం, రాత్రిబడి, వాచకంలో ‘సీతమ్మ కథ’, దూబగుంట ఆడవాళ్ళు, రోశమ్మ, ఆ తర్వాత రాష్ట్రమంతా పాకిన నిప్పు. చదువు వల్ల చైతన్యం వచ్చిందని కొందరన్నారు. కూలి డబ్బు ఇంటికి రాక కడుపుమండి లేచారని ఇంకొందరన్నారు. వెనక పార్టీలున్నాయని, లేవని వాదించుకున్నవాళ్ళూ వున్నారు. ఈ చర్చలన్నిటిలోనూ పక్కన నిలబడి వుండే మనిషి ఒకడున్నాడు. సారా దుకాణం ముందు వుంటాడు, వేలం పాటలు జరిగే కలెక్టరాఫీసు గేటు దగ్గర వుంటాడు, జీపులో ముందు సీట్లో వుంటాడు. ఫోటోల్లో అతని లాఠీ కనిపిస్తుంది, వ్యాసాల్లో అతని ప్రస్తావన ఒక వాక్యంలో అయిపోతుంది. పోలీసు. నేనీ వ్యాసంలో చేయాలనుకుంటున్నది ఆ ఉద్యమాన్ని పోలీసు వ్యవస్థ చరిత్రలో ఒక ఘట్టంగా చదవడం. ఆ ఆడవాళ్ళు పోలీసుల నుంచి ఏం ఆశించారు, ఏం దొరక్క తామే ఆ పని చేశారు, చేసినందుకు చట్టం వాళ్ళని ఏమని పిలిచింది అన్నవి నా ప్రశ్నలు.

ముందు ఆ నేల గురించి. నెల్లూరంటే బయటివాళ్ళకి మొలగొలుకులు, చేపల పులుసు, పెన్నా కాలవలు. ఉదయగిరి, ఆత్మకూరు వైపు వెళితే అది వేరే నెల్లూరు. వెలిగొండల నీడలో మెట్ట. సోమశిల దగ్గర పెన్నకు ఆనకట్ట కట్టింది ఈ పడమటి వైపే అయినా, నీళ్ళతో ఎక్కువ పచ్చబడింది తూర్పున డెల్టా. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న ఉదయగిరి దుర్గం గురించి ఎన్ని పుస్తకాలైనా దొరుకుతాయి. దాని కింద పల్లెల్లో కూలికెళ్ళిన ఆడవాళ్ళ గురించి 1992 దాకా పుస్తకాల్లో ఏమీ దొరకదు. దూబగుంట కలిగిరి మండలంలో వుంది, ఇప్పుడది ఉదయగిరి అసెంబ్లీ నియోజకవర్గం. ఉదయగిరి నుంచి జిల్లా కేంద్రానికి దాదాపు నూరు కిలోమీటర్లు. ఎస్పీ ఆఫీసు, జిల్లా కోర్టు, పెద్దాసుపత్రి అన్నీ ఆ నూరు కిలోమీటర్ల అవతలే. ఈ దూరం సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడి న్యాయం కథలో అది మళ్ళీ మళ్ళీ వస్తుంది.

మొట్టమొదట అది 1855లో వచ్చింది. అప్పటికి నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జిల్లా. శిస్తు వసూలు కోసం, నేరం ఒప్పించడం కోసం జనాన్ని హింసిస్తున్నారన్న ఆరోపణల మీద ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. మన్రో కాలం నుంచి నడిచిన పద్ధతిలో తాసీల్దారే శిస్తు అధికారి, అతనే పోలీసు అధికారి. శిస్తు కట్టని రైతుని ఎండలో వంగబెట్టేదీ, దొంగతనం ఒప్పుకోమని వేళ్ళకు కిట్టి బిగించేదీ అదే కచేరీ, అదే బంట్రోతు. కమిషన్ నివేదికలో నన్ను ఆపేసింది హింస వర్ణన కాదు. హింస జరుగుతోందని తేలడం కన్నా, దెబ్బ తిన్నవాడికి ఆ విషయం చెప్పుకునే దారి లేకపోవడమే తమని ఎక్కువ బాధించిందని కమిషనర్లు రాశారు. దూరం, ఖర్చు, చెప్పుకోవాల్సింది కూడా కొట్టించినవాడి దగ్గరే కావడం వాళ్ళు చూసిన కారణాలు. 1857లో కార్ల్ మార్క్స్ న్యూయార్క్ పత్రికలో రాసిన వ్యాసానికి ఈ నివేదికే ఆధారం. ప్రభుత్వం మాత్రం నివేదికను తలుచుకుని 1859లో మద్రాసు పోలీసు చట్టం తెచ్చింది, పోలీసుని రెవిన్యూ నుంచి విడదీసింది. అంటే ఈ ప్రాంతానికి ఆధునిక పోలీసు వచ్చిందే ఒక సంస్కరణగా వచ్చింది! విడదీయడం వరకూ నిజమే. చెప్పుకునే దారి మాత్రం ఆ చట్టంలో లేదు. పోలీసు ఎవరికి జవాబుదారీ అంటే పై అధికారికి, ఆ పై అధికారికి.

ఈ కొత్త పోలీసు జనాన్ని ఎలా చూసిందో తెలియడానికి నెల్లూరు కన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు. 1911 నేరస్థ జాతుల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీలో అమలయ్యాక ఎరుకలవాళ్ళని, కొన్నిచోట్ల యానాదుల్ని పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేశారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన సెటిల్‌మెంటు ఇందులో భాగమే. హాజరు పలకడం, ఊరు దాటాలంటే చీటీ తీసుకోవడం అక్కడి జీవితం. ఈ చట్టానికి వ్యతిరేకంగా జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య నెల్లూరు జిల్లా మనిషి. మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం పోయింది. స్టేషన్ రిజిస్టర్లలో అనుమానితుల షీట్లు పోలేదు. ఇక్కడ పల్లెల్లో దొంగతనం జరిగితే మొదట ఏ గుడిసె తలుపు తడతారో అందరికీ తెలుసు.

ఇక సారా. ప్రభుత్వానికి సారా అంటే అబ్కారీ ఆదాయం. 1970-71లో 39 కోట్ల రూపాయలున్న రాష్ట్ర ఎక్సైజ్ రాబడి 1991-92 నాటికి 812 కోట్లయింది. మధ్యలో 1980లలో తెలుగుదేశం ప్రభుత్వం ‘వారుణి వాహిని’ పేరుతో సారాని ప్లాస్టిక్ ప్యాకెట్లలోకి తెచ్చింది. కల్తీ లేని శుభ్రమైన సారా అందించడమని చెప్పారు. ప్యాకెట్టు వచ్చాక సారా దుకాణంలో ఆగలేదు. సైకిలు మీద, జీపులో, సంచిలో ఇంటి గడప దాకా, పొలం గట్టు దాకా నడిచొచ్చింది. కూలి డబ్బుల బదులు ప్యాకెట్టు చేతిలో పెట్టడం కూడా సాగింది. దుకాణం ఒకచోట వుంటే ఆడమనిషి ఆ దారి తప్పించుకు పోగలదు. నట్టింట్లోకి వచ్చినదాన్ని ఎలా తప్పించుకుంటుంది?

ఇక్కడ పోలీసు, ఎక్సైజ్ సిబ్బంది వున్న ఇరకాటం చూడాలి. వాళ్ళని వెనకేసుకు రావడానికి కాదు, వ్యవస్థ ఎలా పనిచేసిందో అర్థం కావడానికి. వేలం పాట పాడిన కాంట్రాక్టరు ప్రభుత్వానికి నెలనెలా కిస్తీ కట్టాలి. అమ్మకం ఆగితే కిస్తీ ఆగుతుంది, కిస్తీ ఆగితే ఖజానా ఆగుతుంది. కాబట్టి కాంట్రాక్టరు సరుకుకు రక్షణ ఇవ్వడం శాంతిభద్రతల పని అయిపోయింది. లైసెన్సు లేనిచోట అమ్మడం 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారమే నేరం. ఆ నేరాన్ని పట్టుకోవాల్సిన మనిషే దానికి కాపలా వెళ్ళాడు. 1855 కచేరీలో శిస్తూ లాఠీ ఒకే చేతిలో వుండేవి. 1992లో చేతులు రెండయ్యాయి కానీ రెండూ ఒకే ఒంటివి.

దూబగుంటలో జరిగింది మీకు తెలిసిందే. కల్లుబండిని ఆపారు, సారా జీపుని చుట్టుముట్టి వెనక్కి పంపారు. ఆ కథ తర్వాత ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠంగా ‘చదువు వెలుగు’ వాచకంలోకి ఎక్కింది. మిగతా పల్లెల ఆడవాళ్ళు అది చదువుకున్నారు. 1992 వేసవి, వానాకాలం గడిచేసరికి ఉదయగిరి, ఆత్మకూరు, కావలి వైపు ఊరూరా కాపలాలు మొదలయ్యాయి. ఈనాడు ‘సారాపై సమరం’ పేరుతో రోజూ వార్తలు వేసింది. నెల్లూరులో వేలం పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా నిషేధించారు. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి, కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా వుండగా, రాష్ట్రమంతా నిషేధం వచ్చింది.

ఆ ఏప్రిల్ 15 తేదీని ఒక్క క్షణం చట్టం కళ్ళతో చూద్దాం. ఏప్రిల్ 14 దాకా లైసెన్సున్న కాంట్రాక్టరు చట్టబద్ధమైన వ్యాపారి. అతని దారికి అడ్డుపడ్డ ఆడవాళ్ళది చట్టవిరుద్ధమైన గుంపు. ఐదుగురు చేరితే శిక్షాస్మృతి 141, 143. జీపుని కదలనివ్వకపోతే 341. ప్యాకెట్లు నేలపాలు చేస్తే 427, ఆస్తినష్టం. పక్కన కానిస్టేబులుంటే ప్రభుత్వోద్యోగి విధులకు ఆటంకం. తెల్లవారేసరికి అదే జీపు, అదే ప్యాకెట్టు, అదే మనిషి నేరస్థుడయ్యాడు. అతన్ని ఆపినవాళ్ళు చట్టానికి సాయం చేసిన పౌరులయ్యారు. ఆడవాళ్ళు మాత్రం రెండు రోజులూ చేసింది ఒకే పని. న్యాయం ముందు నడిచి చట్టం వెనక రావడమంటే ఏమిటో మా తరం స్త్రీవాదులకి సిద్ధాంత పుస్తకాలు చెప్పాయి. ఈ పల్లెల్లో అది క్యాలెండరు మీద తేదీ వేసి కనిపిస్తుంది.

ఆడవాళ్ళు చేసిన పనిని విడదీసి చూస్తే అది పోలీసు పనే. ఊరి పొలిమేరలో వంతులవారీ కాపలా అంటే గస్తీ. వచ్చే బండిని ఆపి చూడడం సోదా, దొరికిన ప్యాకెట్లు తీసుకోవడం జప్తు. ఎవరు తెచ్చారు, ఎక్కడి నుంచని అడగడం విచారణ. తాగొచ్చినవాడికి ఊరు జరిమానా వేయడం శిక్ష. తేడా ఎక్కడంటే, పోలీసు చేసే సోదాకి ఒక కాగితం వుంటుంది. మన స్టేషన్లలో దాన్ని మధ్యవర్తుల రిపోర్టు అంటారు. సోదా చేసేటప్పుడు ఆ ప్రాంతంలోని స్వతంత్రులూ గౌరవనీయులూ అయిన ఇద్దరిని పిలవాలని 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షను చెప్పింది. 1898 కోడ్‌లోనూ ఇలాంటి మాటే వుండేది. ఈ గౌరవనీయులు ఎవరు? పల్లెలో ఎస్సై వచ్చి పెద్దమనుషుల్ని పిలవండి అంటే ఎవరొస్తారు? మునసబు, కరణం, ఆ తర్వాత గ్రామాధికారి, సర్పంచి, మోతుబరి. సారా కేసులో ఈ పెద్దమనుషుల్లో ఒకరు కాంట్రాక్టరుకి బంధువో, బినామీయో, కనీసం వాకిట్లో కూర్చునే మిత్రుడో అయివుండడానికి ఎంతో అవకాశం వుంది. కూలికెళ్ళే మాల, మాదిగ, యానాది ఆడమనిషిని సోదాకి మధ్యవర్తిగా పిలవడం ఎవరికైనా తోచివుంటుందా? దూబగుంట ఆడవాళ్ళు పిలుపు లేకుండానే సాక్షులయ్యారు. వాళ్ళు చూసింది కేసు కాగితం మీదికి ఎక్కదు, అంతే.

ఇదే కోడ్‌లో ఇంకో వాక్యం వుంది. సమన్లు తీసుకోవాల్సిన మనిషి దొరక్కపోతే ఇంట్లో వుండే వయసొచ్చిన మగవాడి చేతికి ఇవ్వవచ్చని 64వ సెక్షను. వయసొచ్చిన మగవాడే! అంటే చట్టం దృష్టిలో భర్త పేరు మీద వచ్చిన కోర్టు కాగితం అందుకునే యోగ్యత భార్యకి లేదు. సంతకం పెట్టడం నేర్చుకున్న ఆ 1991లోనూ లేదు. ఈ ‘మగవాడు’ అన్న మాట తీసేసి ‘వయసొచ్చిన కుటుంబ సభ్యులు’ అని రాయడానికి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత దాకా, అంటే 2024 జూలై 1 దాకా ఆగాల్సి వచ్చింది. అక్షరదీపం వాచకాలు పట్టుకున్న ఆడవాళ్ళు కాగితం చదవగలిగిన ముప్ఫై మూడేళ్ళకి చట్టం వాళ్ళ చేతికి కాగితం ఇవ్వొచ్చని ఒప్పుకుంది.

అయితే ఆడవాళ్ళు చేసిన ఈ ఊరి పోలీసు పనిని నేను పొగిడి వదిలేయలేను. 1993లో అన్వేషి బృందం రాసిన వ్యాసం, తర్వాత సూసీ తారు, తేజస్విని నిరంజన రాసింది చదివినవాళ్ళకి గుర్తుంటుంది. పత్రికలూ పార్టీలూ ఈ ఆడవాళ్ళని దుర్గలుగా, సంసారాలు నిలబెట్టుకునే ఇల్లాళ్ళుగా చూపించి మెచ్చుకున్న తీరుని వాళ్ళు ప్రశ్నించారు. ఆ మెప్పులో ఒక మోసం వుంది. మగవాణ్ణి దారిలో పెట్టే ఆడమనిషిని ఊరు ఒప్పుకుంటుంది. కులాన్ని, భూమిని, కూలిరేటుని ప్రశ్నించే ఆడమనిషికి అదే ఊరు కాపలా కాస్తుందా? ఊరుమ్మడి జరిమానా సారా విషయంలో బాగానే వుంటుంది. అదే ఊరుమ్మడి రేపు కులం దాటి పెళ్ళి చేసుకున్న పిల్లకి జరిమానా వేస్తుంది.

ఈ అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. దూబగుంట కదిలిన కాలానికి కాస్త ముందే, 1991 ఆగస్టు 6న, గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. అక్కడ ‘ఊరు’ అంటే చంపినవాళ్ళే. బాధితులు, దళిత ఉద్యమకారులు పట్టుబట్టి సాధించిన వాటిల్లో ఒకటి మన విషయానికి చాలా ముఖ్యం. విచారణ కోసం ప్రత్యేక కోర్టుని చుండూరులోనే పెట్టించారు. సాక్షి కోర్టుకి పోవడం కాక కోర్టు సాక్షి దగ్గరికి వచ్చింది. 1855 కమిషన్ చెప్పిన దూరానికి మన రాష్ట్రంలో దొరికిన అసలైన జవాబుల్లో ఇదొకటని నా అభిప్రాయం. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఓడినవాడు కోర్టులోనే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని సామెత. చుండూరువాళ్ళు గెలిచి, ఇంటికొచ్చి, ఏడేళ్ళ తర్వాత మళ్ళీ ఏడ్చారు.

ఈ వ్యాసానికి పెట్టిన పేరు దగ్గరికి ఇప్పుడు రావాలి. సారా ఉద్యమం గురించి దొరికిన కథనాలన్నీ చదువుతూ నేను ఒక విషయం కోసం వెతికాను. తాగొచ్చి కొట్టే మొగుడి మీద స్టేషనులో కంప్లైంటు ఇచ్చిన ఆడవాళ్ళు ఎంతమంది? దాదాపుగా కనిపించరు. దెబ్బల గురించి అందరూ చెబుతారు. 498-ఎ సెక్షను 1983లోనే వచ్చింది. అయినా వాళ్ళు మొగుణ్ణి వదిలి దుకాణం మీదికి వెళ్ళారు. దీన్ని కొందరు తెలివైన వ్యూహమన్నారు, కొందరు పితృస్వామ్యాన్ని ముట్టుకోకుండా పక్కదారి పట్టడమన్నారు. నాకు రెండూ సగమే అనిపిస్తాయి. దుకాణం మీదికి పోయినప్పుడు వందమంది కలిసి పోవచ్చు. స్టేషనుకి పోయేటప్పుడు ఒక్కతే పోవాలి. బస్సు చార్జీ, పోయిన కూలి, రైటరు ముందు నిలబడడం, ఎస్సై బందోబస్తుకి పోయాడు రేపు రమ్మనడం, ఇవన్నీ ఒక్కదాని లెక్కలో పడతాయి. మొగుణ్ణి లోపలేస్తే జామీనుకి అప్పు చేసేదీ తనే. మా అమ్మమ్మ వాళ్ళది ఆత్మకూరు వైపు పల్లె. ఎవరినైనా గట్టిగా తిట్టాలంటే ఆమె వాడే మాట ‘స్టేషను మెట్లెక్కిన మొహం’. ఆ మెట్లెక్కినవాడు దొంగా, ఫిర్యాదీయా అన్న తేడా ఆ తిట్టులో లేదు.

ఆ భయం అమాయకత్వమూ కాదు. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషనులో రమీజాబీకి జరిగింది, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ చావు, ఆ తర్వాత రాష్ట్రం అట్టుడికిపోవడం మన స్త్రీ ఉద్యమానికి ఒక మొదలు. ముక్తదర్ కమిషన్ పోలీసులు దోషులని తేల్చింది. కేసు పక్క రాష్ట్రానికి మారి, 1981లో వాళ్ళు విడుదలయ్యారు. 2007 ఆగస్టులో వాకపల్లిలో పదకొండు మంది కోందు ఆదివాసీ స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసుల మీద అత్యాచారం ఆరోపణ చేశారు. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితుల్ని వదిలేస్తూనే, దర్యాప్తు అధికారులు సరిగ్గా దర్యాప్తు చేయలేదని చెప్పి ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలంది. నేరం రుజువు కాకపోవడానికి కారణం దర్యాప్తే అయితే, ఆ దర్యాప్తు చేసినవాళ్ళు ఎవరికి జవాబు చెప్పాలి? 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు జిల్లాకొక ఫిర్యాదుల అథారిటీ పెట్టమంది ఇందుకే. రాష్ట్రాలు ఆ తీర్పుని ఎంత తీరిగ్గా చదివాయో మనకు తెలుసు.

చట్టాలు మారలేదని నేననను. విచారణ పేరుతో సాక్షిగా ఆడమనిషిని స్టేషనుకి పిలిపించకూడదని 1973 కోడ్‌లోనే వుంది. పొద్దుగూకిన తర్వాత ఆమెను అరెస్టు చేయకూడదని 2005లో చేర్చారు. 2013లో నిర్భయ సవరణలొచ్చాయి. అదే ఏడాది నవంబరులో లలితాకుమారి కేసులో, నేరం జరిగినట్టు సమాచారం అందితే ఎఫ్.ఐ.ఆర్. కట్టి తీరాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ పెద్ద అడుగులు. కానీ దూబగుంట ఆడమనిషిని మనసులో పెట్టుకుని చదివితే రెండు కంతలు కనిపిస్తాయి. ఫిర్యాదు తీసుకోని పోలీసుకి శిక్ష వేసే 166-ఎ సెక్షను 2013లో వచ్చింది సరే, ఏయే నేరాలకు అన్న జాబితాలో 498-ఎ లేదు. లలితాకుమారి తీర్పులో ముందుగా విచారించి ఆ తర్వాత కేసు కట్టవచ్చని మినహాయించిన వాటిల్లో మొదట చెప్పినవే భార్యాభర్తల తగాదాలు, కుటుంబ తగాదాలు. అంటే కొట్టే మొగుడి మీద ఇచ్చే కంప్లైంటు ఇంకా ‘తగాదా’నే. ఇక స్టేషనులో దానికి జరిగేది కౌన్సెలింగు, రాజీ. ఇద్దరినీ కూర్చోబెట్టి, వాడిచేత ఇకమీదట తాగనని రాయించుకుని, ఆమెని ఇంటికి పంపడం. మహిళా పోలీసు స్టేషన్లు వచ్చాక కూడా ఈ రచ్చబండ పద్ధతి పోలేదు, కుర్చీలో కూర్చున్న మనిషి మారింది. చాలామంది ఆడవాళ్ళు రాజీయే కోరుకుంటారని అధికారులు చెబుతారు. నిజమే కావచ్చు. మళ్ళీ కొడితే ఏంచేస్తారన్న ప్రశ్నకి జవాబు లేనప్పుడు కోరుకున్నదాన్ని కోరిక అనలేం. 2005 గృహహింస చట్టం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చి, ఇంట్లో వుండే హక్కుని, రక్షణ ఉత్తర్వుని ఇచ్చింది. మెట్టపల్లె ఆడమనిషికి 498-ఎ కన్నా అదే ఎక్కువ పనికొస్తుందని నేననుకుంటాను. జైలు కన్నా ఇల్లు ముఖ్యం.

1994 డిసెంబరులో ఎన్టీఆర్ తిరిగి ముఖ్యమంత్రయ్యాక, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం దాన్ని సడలించింది. మధ్యలో ఆ రెండేళ్ళు పోలీసుకి, ఎక్సైజుకి అపారమైన అధికారం వచ్చింది. అధికారం వచ్చినచోట ఎవరు దొరుకుతారు? లారీ యజమాని కన్నా సంచి మోసేవాడు సులువుగా దొరుకుతాడు. సంచి మోసేవాళ్ళలో, నాటుసారా కాచి బతికేవాళ్ళలో ఒంటరి ఆడవాళ్ళూ వుంటారు. వాళ్ళని తాసీల్దారు ముందు బైండోవర్ చేస్తారు. లెక్కలు నిండుతాయి. 2016లో బీహార్ మద్యనిషేధం కూడా ఆడవాళ్ళు అడిగితేనే వచ్చింది. అక్కడ కేసులు లక్షలకు చేరి, కోర్టులు మోయలేక, మొదటిసారి దొరికినవాళ్ళని జరిమానాతో వదిలేలా 2022లో చట్టం మార్చుకున్నారు. ఆడవాళ్ళు అడిగింది మా ఊళ్ళోకి సరుకు రానివ్వొద్దని. ప్రభుత్వం ఇచ్చింది తాగినవాణ్ణీ అమ్ముకునేదాన్నీ జైల్లో పెట్టే అధికారం. ఈ రెండూ ఒకటి కావు. ఉద్యమ చరిత్రలు రాసినవాళ్ళం ఈ తేడాని తగినంత గట్టిగా చెప్పలేదు. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో మద్యవ్యతిరేక క్రైస్తవ మహిళా సంఘం పక్కనే ఇంకో కోరిక పెట్టింది, స్టేషన్లలో ఆడఖైదీల దగ్గర ఆడ ఉద్యోగులుండాలని. సారా ఆపాలన్నవాళ్ళు అరెస్టయిన ఆడవాళ్ళ గురించి కూడా ఆలోచించారు. మన దగ్గర ఆ రెండు ఆలోచనలూ కలవలేదు.

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు సచివాలయాలు పెట్టి, పదిహేను వేలకు దగ్గరగా మహిళా సంరక్షణ కార్యదర్శుల్ని నియమించింది. తర్వాత వాళ్ళనే మహిళా పోలీసులన్నారు. బెల్టుషాపుల సమాచారం ఇవ్వడం, గృహహింస గమనించడం వాళ్ళ పనుల్లో వున్నాయి. ముప్ఫై ఏళ్ళ కింద ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో ఆడవాళ్ళు ఊరికే చేసిన కాపలా జీతమున్న ఉద్యోగమైందని సంబరపడాలనిపిస్తుంది. వాళ్ళు పోలీసులా కాదా, యూనిఫాం వేయొచ్చా అన్న వివాదం హైకోర్టు దాకా పోయింది. నాకు ఆ వివాదం కన్నా ముఖ్యమైన ప్రశ్న ఆ అమ్మాయి రిపోర్టు ఎవరికిస్తుందన్నది. స్టేషనుకిస్తే ఆమె స్టేషను కన్ను. ఊరి ఆడవాళ్ళ సభకిస్తే, స్టేషను ఏం చేసిందో వాళ్ళ ముందు చెప్పించగలిగితే, అప్పుడు దూబగుంటకి వారసురాలు. మొదటిది జరిగినంతగా రెండోది జరగలేదు. 2024 అక్టోబరులో మద్యం అమ్మకం మళ్ళీ ప్రైవేటు చేతికి వెళ్ళింది. లాటరీలో 3,396 దుకాణాలు, 99 రూపాయలకే క్వార్టరు. రోశమ్మ అది చూడలేదు, 2016లో పోయారు.

రోశమ్మ పేరు మనకి తెలుసు. మిగతావాళ్ళ పేర్లు? ‘మనకు తెలియని మన చరిత్ర’ కోసం స్త్రీశక్తి సంఘటన 1980లలో తెలంగాణ పోరాట స్త్రీల మాటలు రికార్డు చేసినంత ఓపికగా నెల్లూరు మెట్ట ఆడవాళ్ళ మాటలు ఎవరూ ఊరూరా తిరిగి రికార్డు చేయలేదు. అప్పుడు ముప్ఫై ఏళ్ళున్నవాళ్ళకి ఇప్పుడు అరవై దాటాయి. మాట ఒక్కటే కాదు, ఇంకో ఆధారం కూడా వుండొచ్చు. జీపులు ఆపినందుకు, ప్యాకెట్లు కాల్చినందుకు ఆ రోజుల్లో ఆడవాళ్ళ మీద కేసులు పెట్టారు. ఎఫ్.ఐ.ఆర్.లో నిందితుల వరస వుంటుంది. పేరు, ఫలానావారి భార్య, వయసు, వృత్తి, ఊరు. చాలా కాగితాల్లో కులం కూడా. వాచకంలో ‘మేము’ అని కలిసిపోయిన ఆడవాళ్ళు విడివిడిగా, ఒక్కొక్కరుగా, ఎ1, ఎ2, ఎ3 అంటూ నమోదైంది బహుశా అక్కడే. స్టేషను రికార్డులు గడువు తీరితే నాశనం చేస్తారు, కోర్టువీ అంతే. ఉదయగిరి, కలిగిరి, వింజమూరు, ఆత్మకూరు స్టేషన్లలో 1992, 1993 సంవత్సరాల ఎఫ్.ఐ.ఆర్. ఇండెక్సు ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద నేను దరఖాస్తు రాస్తున్నాను. ఆ ప్రాంతంలో బంధువులో, స్నేహితులో వున్న రచయిత్రులు, అధ్యాపకులు తమ ఊరి స్టేషనుకీ ఒకటి రాస్తే పని త్వరగా అవుతుంది. దరఖాస్తు రుసుము కొద్ది రూపాయలే.